ఫ్లింట్‌లాక్ రైఫిల్‌కి వేట లోడ్ కుదర్చడం: ఇప్పటిదాకా జరిగిన పని

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత జింకల వేటకి ఒక ఫ్లింట్‌లాక్ సీజన్ ఉంటుంది. అందులో వాడే రైఫిల్ చెకుముకి రాయితో పేలేదే అయ్యుండాలి. దానికోసం నా .50 క్యాలిబర్ (అర అంగుళం గొట్టం) రైఫిల్‌ని సిద్ధం చేస్తున్నాను, అంటే దానికి సరిపడే లోడ్ (మందు, గుండు, గుడ్డల కలయిక) వెతుకుతున్నాను. దీని బ్యారెల్ గాడులు 66 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. గుడ్డలో చుట్టి దించే సీసపు గుండుకి ఇలాంటి నిదానమైన మెలికే నప్పుతుంది.

.490 అంగుళాల మెత్తని సీసపు గుండు, .010 అంగుళాల మందం ప్యాచ్‌తో (గుండుని చుట్టే గుడ్డ ముక్కతో) మొదలుపెట్టాను. గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. 50 గజాల దగ్గర దెబ్బలు అరచేయంత మేర చెదిరాయి. ఎందుకో తెలియాలంటే తుపాకీ ముందు కొన్ని గజాల దూరంలో పడ్డ ప్యాచ్‌లు ఏరాలి. నాకు వాటికంటే నమ్మకమైన సాక్ష్యం లేదు. గుండు అంచు ఆనుకునే చోట వలయంలా కాలి చిల్లులు పడ్డాయి. అంటే గుడ్డ పలచన, మంట పక్కనుంచి దూరిపోతోంది. అదే బ్లేడుతో కోసినట్టు వరసగా చీలికలుంటే గాడుల గట్లు పదునుగా ఉన్నాయనుకోవాలి. అలాంటి గుర్తు లేదు కాబట్టి బ్యారెల్ జోలికి పోలేదు.

పరుపులకు వాడే .018 అంగుళాల మందం నూలు గుడ్డకి మారాను. కొత్త గుడ్డని వేడినీళ్లలో ఉతికి గంజి పోగొట్టాలి. తడపడానికి తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి వాడుతున్నాను. పెట్రోలియం నూనెలు వద్దు, బ్లాక్ పౌడర్ (ఇందులో వాడే పాతకాలపు తుపాకిమందు) మసితో కలిసి తారులా గట్టిపడతాయి. ఇప్పుడు ప్యాచ్‌లు మధ్యలో నల్లబడి, చిల్లు లేకుండా వస్తున్నాయి.

మందు 2ఎఫ్ రకం (రేణువుల సైజుని చెప్పే గుర్తు). తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితి దాటకుండా, 60 గ్రెయిన్ల నుంచి ఐదేసి పెంచుతూ 80 దాకా చూశాను. 70 దగ్గర మూడు గుండ్లూ ఒకటిన్నర అంగుళంలో పడ్డాయి, 80కి మళ్లీ విడిపోయాయి. 50 గజాల్లో జింకకి 70 చాలు. ఎక్కువ మందు పోసి గురి పాడుచేసుకోవడం నాకు సబబనిపించదు.

కొన్ని విషయాల్లో రాజీ పడకూడదు. స్మోక్‌లెస్ పౌడర్ (ఆధునిక తుపాకుల మందు) ఇందులో ఎప్పుడూ పోయకూడదు. డబ్బాలోంచి నేరుగా బ్యారెల్‌లోకి వంచకుండా, కొలతలో పోసుకునే పోయాలి, లోపల నిప్పురవ్వ మిగిలి ఉండొచ్చు. గుండు మందు మీద పూర్తిగా ఆనాలి, మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బిపోవచ్చు. అందుకే రామ్‌రాడ్ (గుండుని లోపలికి నెట్టే కడ్డీ) మీద గీత పెట్టుకున్నాను. ప్రతి షాట్ తర్వాత తడిగుడ్డ, ఆపై పొడిగుడ్డ.

ప్రస్తుతం దెబ్బలు గురికి రెండంగుళాలు కింద పడుతున్నాయి. బ్యారెల్ కొసన గురి చూసే ముక్కని (ఫ్రంట్ సైట్‌ని) ఆకురాయితో అరగదీస్తే పైకొస్తాయి. కానీ అరగదీసింది మళ్లీ అతకలేం. పైగా జింక మీద పేలేది శుభ్రంగా, చల్లగా ఉన్న బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటి గుండే. అందుకే రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా మొదటి షాట్‌ని వేరే కాగితం మీద కొడుతున్నాను. అవి మిగతావాటి చోటే పడుతున్నాయని తేలాకే ఆకురాయి పడతాను.