ముక్కు మాకెందుకు మేడమ్?

ఇవాళ పొద్దున క్లాసులో ముక్కు పాఠం. స్పీచ్ అండ్ హియరింగ్ విద్యార్థులకు ఈఎన్టీ చెబుతున్నప్పుడు నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే కనిపిస్తుంది. చెవి పాఠాలప్పుడు అందరూ నిటారుగా కూర్చుంటారు, గొంతు పాఠాలప్పుడు నోట్సు రాసుకుంటారు, ముక్కు దగ్గరికి వచ్చేసరికి చూపులు కిటికీ వైపు పోతాయి. చెవి ఆడియాలజీకి, గొంతు వాయిస్ థెరపీకి, ముక్కు మాత్రం పరీక్షలో మార్కులకి అని వాళ్ల లెక్క. ఒకమ్మాయి ఇవాళ ఆ మాట నేరుగానే అడిగేసింది. "ఈ టర్బినేట్లు, సెప్టమ్, అడినాయిడ్లు మాకెందుకు మేడమ్? మేం ఆపరేషన్లు చెయ్యం కదా?"

అడిగినందుకు సంతోషం వేసింది. మనసులో పెట్టుకుని ఊరుకుంటే ఆ ప్రశ్న అలాగే ఉండిపోయేది.

పుస్తకం పక్కన పెట్టి, అందరినీ ముక్కు గట్టిగా పట్టుకుని "మామ" అనమన్నాను. గదంతా "బాబ" అని పలికింది. "నాన్న" అనమంటే "దాద్ద" అయింది. ముక్కు వదలకుండానే "పాప" అనమన్నాను. అది మాత్రం చెక్కుచెదరకుండా "పాప" గానే వినిపించింది. మ, న లాంటి అనునాసికాలు పలికేటప్పుడు మెత్తని అంగిలి కిందికి దిగి ఉంటుంది, గాలి ముక్కులోంచి పోతుంది. ప, త, క, స పలికేటప్పుడు అదే అంగిలి పైకి లేచి, గొంతు వెనక గోడను తాకి, ముక్కు దారిని మూసేస్తుంది. ముక్కు వెనక దారి అడ్డుపడిన పిల్లవాడు "మామ"ను "బాబ" అంటాడు. అంగిలి సరిగ్గా మూసుకోని పిల్లవాడి "పాప"లో గాలి ముక్కులోకి జారిపోతుంది. మొదటిది తక్కువ ముక్కుస్వరం, రెండోది ఎక్కువ ముక్కుస్వరం. వినే చెవికి రెండూ "ముక్కుతో మాట్లాడుతున్నాడు" అనే అనిపిస్తాయి. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఆ తేడా పట్టుకోవాల్సింది స్పీచ్ థెరపిస్టే. ఓపీ రద్దీలో ఉన్న సర్జన్ చెవికి అది అంత సులువుగా చిక్కదు. సర్జన్‌గా ఈ మాట నేనే చెబుతున్నాను.

అడినాయిడ్ల గురించి మొదట వివరంగా రాసినవాడు కోపెన్‌హాగెన్ వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్, 1868లో. ముక్కు వెనక పెరిగిన ఆ కండ గురించి చెబుతూనే ఆయన వినికిడి తగ్గడాన్నీ, మాట తీరు మారడాన్నీ కూడా గమనించాడు. అంటే ముక్కు, చెవి, మాట మొదటి నుంచీ ఒక్క చోటే చూడబడ్డాయి. తర్వాత కోర్సులు వేరయ్యాయి, గదులు వేరయ్యాయి, పుస్తకాలు వేరయ్యాయి.

పాఠం అయ్యాక కొందరు విద్యార్థులు నాతో ఓపీకి వచ్చారు. ఇవాళ్టి ఓపీలో ఎక్కువ భాగం మామూలే: గుబిలి, చీము కారే చెవులు, తుమ్ములు. రాయాల్సింది ఒక్క పిల్లవాడి గురించి.

నాలుగేళ్ల బాబు. మాట స్పష్టంగా లేదని థెరపీ కోసం తీసుకొచ్చారు. వాళ్లమ్మ మాటల్లో అలసట ఉంది. "పిలిస్తే పలకడు డాక్టరుగారూ. ఒక్కోరోజు బాగానే వింటాడు, ఒక్కోరోజు అసలు పట్టించుకోడు. కావాలనే చేస్తాడని వాళ్ల నాన్న కోప్పడతారు." ఆవిడ చెబుతున్నంతసేపూ బాబు నోరు తెరుచుకునే ఉన్నాడు. రాత్రి గురక పెడతాడా అంటే, పెడతాడు అంది.

ఒక విద్యార్థి చేతికి ఓటోస్కోప్ ఇచ్చాను. చెవి డొప్పను పెద్దవాళ్లకు పైకీ వెనక్కీ లాగాలి, పసిపిల్లలకు కిందికీ వెనక్కీ లాగాలి. ఈ వయసుకు ఏది సరిగ్గా కుదిరితే అది. కర్ణభేరి మీద మామూలుగా మెరిసే కాంతి త్రికోణం లేదు. భేరి మెరుపు లేకుండా మసకగా, కాస్త పసుపు రంగుకు తిరిగి ఉంది. భేరి ఎంత బాగా కదులుతుందో కొలిచే టింపనోమెట్రీ చేస్తే గీత బల్లపరుపుగా వచ్చింది, జెర్గర్ 1970లో చేసిన వర్గీకరణలో బి టైపు. ఇక్కడే మా వాళ్లు సాధారణంగా ఆగిపోతారు. బి టైపు అనగానే మధ్యచెవిలో నీరు అని రాసేస్తారు. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, చెవి కాలువ పరిమాణం. అది వయసుకు తగ్గట్టు ఉంటే నీరు అనుకోవచ్చు. బాగా ఎక్కువగా ఉంటే భేరికి చిల్లు ఉందనో, భేరిలో గాలి కోసం వేసిన చిన్న గొట్టం, అంటే గ్రోమెట్, తెరుచుకుని ఉందనో అర్థం. బాగా తక్కువగా ఉంటే గుబిలి అడ్డుపడి ఉండొచ్చు, లేదా చెవిలో పెట్టిన ప్రోబ్ కొన గోడకు ఆనుకుని ఉండొచ్చు. ఈ బాబుకి మామూలుగానే ఉంది.

ఆటల ఆడియోమెట్రీ చూడ్డం నాకెప్పుడూ ఇష్టమే. శబ్దం వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక చెక్క ముక్క వెయ్యాలి, అంతే. బాబు ముక్కను చెంపకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి ఎదురు చూశాడు. శబ్దం కాస్త పెద్దదైతే టక్కున వేశాడు, తగ్గించగానే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెండు చెవుల్లోనూ 30 డెసిబెల్స్ దగ్గర వచ్చింది. ఎముక ద్వారా వినికిడి మాత్రం మామూలే. లోపలి చెవి బాగుంది, శబ్దం అక్కడికి చేరే దారిలోనే అడ్డం ఉంది.

30 డెసిబెల్స్ అంటే చిన్న లోటని చాలామంది కొట్టిపారేస్తారు. అప్పటికే భాష వచ్చిన పెద్దవాళ్లు సగం వినపడినా మిగతాది పూరించుకోగలరు. భాష నేర్చుకుంటున్న పిల్లవాడి దగ్గర పూరించుకోవడానికి ఏముంటుంది? మెల్లగా పలికే స, త, క లాంటి హల్లులే ముందు జారిపోతాయి. పైగా ఈ నీరు ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. అందుకే ఒక్కోరోజు వింటాడు, ఒక్కోరోజు వినడు. "కావాలని చెయ్యట్లేదమ్మా, నిజంగానే వినపడట్లేదు" అని చెప్పగానే ఆవిడ బాబు తల మీద చెయ్యి వేసి చాలాసేపు నిమురుతూ ఉండిపోయింది.

ఈ దశలో నా ఆలోచన మామూలు దారిలోనే ఉంది. నోటితో గాలి పీల్చడం, గురక, తక్కువ ముక్కుస్వరం కలిపి చూస్తే అడినాయిడ్లు పెరిగి ఉండాలి. మధ్యచెవిలో నీరు చాలామంది పిల్లల్లో మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది కాబట్టి ముందు ఆగి చూస్తాం. పోకపోతే గ్రోమెట్లు, అడినాయిడ్లు తీసెయ్యడం. ఇంతలో, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి టార్చి పట్టుకుని నోట్లోకి చూస్తూ అన్నాడు: "మేడమ్, కొండనాలుక చివర రెండుగా చీలినట్టుంది."

నేనూ చూశాను, నిజమే. గ్లవ్ వేసుకుని గట్టి అంగిలి వెనక అంచును వేలితో తడిమితే, నున్నగా ఉండాల్సిన చోట మధ్యలో చిన్న గంటు తగిలింది. మెత్తని అంగిలి నడిమి గీత వెంట పొర పలచగా, కాస్త నీలంగా ఉంది. పైపొర కలిసే ఉన్నా లోపలి కండరం కలవని అంగిలి చీలిక ఇది, సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు.

అక్కడితో లెక్క మొత్తం మారిపోయింది. మధ్యచెవిని ముక్కు వెనక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళాన్ని తెరిచేది టెన్సర్ వెలి పాలటైని అనే అంగిలి కండరం. పిల్లల్లో ఆ నాళం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. దానికి తోడు కండరం సరిగ్గా అతుక్కోకపోతే మధ్యచెవికి గాలి అందదు, నీరు చేరుతుంది. చీలిక ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ చెవిలో నీరు చేరేది ఇందుకే. ఇక అడినాయిడ్ల సంగతి. పొట్టి అంగిలి పైకి లేచినప్పుడు వెనక గోడ దాకా చేరలేకపోయినా, మధ్యలో ఉబ్బి ఉన్న అడినాయిడ్‌ను తాకి దారి మూసేస్తుంది. ఆ కండ మొత్తం తీసేస్తే అంగిలికి తాకడానికి ఏమీ మిగలదు. ఇవాళ "మామ"ను "బాబ" అంటున్న పిల్లవాడు ఆపరేషన్ తర్వాత "పాప" అనబోయి గాలంతా ముక్కులోకి వదిలేస్తాడు. ఆపరేషన్ అయిన కొత్తలో ఎవరికైనా కొన్ని వారాలు అలా ఉండి సర్దుకుంటుంది. ఈ పిల్లవాడికి సర్దుకోకపోవచ్చు. అప్పుడు ఎంత థెరపీ చేసినా లాభం ఉండదు, ఎందుకంటే లోటు అలవాటులో లేదు, కొలతలో ఉంది.

కాబట్టి తొందర లేదు. మూడు నెలల తర్వాత మళ్లీ వినికిడి పరీక్ష. నీరు అప్పటికీ ఉంటే గ్రోమెట్ల గురించి ఆలోచిస్తాం. ఊపిరికి మరీ ఇబ్బందైతే అడినాయిడ్ పై భాగం మాత్రమే తీసి, అంగిలి తాకే కింది భాగం ఉంచేస్తాం. ఈలోగా అంగిలి కదలికను ఎండోస్కోప్‌తో చూడాలి. థెరపీ కూడా ఆగదు: ఎదురుగా కూర్చుని, దగ్గర నుంచి, చుట్టూ రొద తగ్గించి మాట్లాడమని తల్లికి నేర్పించాం.

ఆ అబ్బాయి టార్చి వేసి చూసింది అర నిమిషం కూడా ఉండదు. ఈఎన్టీ సబ్జెక్టు వీళ్లకు ఎందుకు పెట్టారో చెప్పడానికి నాకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. పిల్లవాడితో వారానికి రెండు మూడుసార్లు ఎదురెదురుగా కూర్చునేది థెరపిస్టు. సర్జన్ చూసేది కొద్ది నిమిషాలు. ఎక్కువసేపు చూసేవాళ్లకి ఏం చూడాలో తెలిసి ఉండాలి.

మధ్యాహ్నం ఒక టీచరమ్మ వచ్చారు, నెలల తరబడి గొంతు బొంగురు. నేరుగా వాయిస్ థెరపీకి వెళ్తానన్నారు. స్వరతంతువులు చూడకుండా వాయిస్ థెరపీ మొదలుపెట్టకూడదని విద్యార్థులకు మరోసారి గట్టిగా చెప్పాను. ఎండోస్కోప్‌లో రెండు తంతువుల మీదా, ముందు మూడో వంతు ముగిసే చోట, ఎదురెదురుగా నాడ్యూల్స్, అంటే చిన్న బుడిపెలు, ఉన్నాయి. ఆడవాళ్ల తంతువులు మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. అరిచి పాఠం చెప్పే గొంతులో ఆ తాకిడంతా ఆ చోటే పడుతుంది. దీనికి మొదటి వైద్యం థెరపీయే, ఆవిడ కోరుకున్నదే దొరికింది. కానీ అదే బొంగురు వెనక ఎడమ తంతువు కదలకుండా పడి ఉంటే కథ వేరు. దాన్ని కదిలించే ఎడమ రికరెంట్ లారింజియల్ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు చుట్టూ తిరిగి మళ్లీ పైకి వస్తుంది. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని ముందు గొంతే చెప్పే సందర్భాలు ఉన్నాయి. మూడు నాలుగు వారాలు దాటిన బొంగురును ఎవరైనా సరే లోపల చూసి తీరాలి. తన స్వరతంతువులను అద్దాలతో తానే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా డాక్టరు కాదు, పాటలు నేర్పే మాస్టారు. 1854లో చూశాడు, 1855లో ఆ పరిశీలనలను రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఈ సంగతి చెబితే వాయిస్ మీద ఆసక్తి ఉన్నవాళ్ల మొహాలు వెలిగాయి.

ఇంటికి బయలుదేరబోతుంటే ఆడియాలజీ గదిలోంచి పిలుపు. నిద్ర లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుందని వచ్చిన పెద్దాయన, గుబిలి అనుకుని రెండు రోజులు ఆగారట. భేరి శుభ్రంగా ఉంది. నోరు మూసుకుని "ఊఁ" అని రాగం తీయమంటే, శబ్దం బాగున్న చెవి వైపు వినిపిస్తోందన్నారు. గుబిలో నీరో అయితే మూసుకుపోయిన చెవి వైపే వినిపించాలి. అంటే దెబ్బతిన్నది లోపలి చెవి లేదా నరం, ఉన్నట్టుండి వినికిడి పోయింది. వెంటనే ఆడియోగ్రామ్ తీసి, ఈ రాత్రే స్టెరాయిడ్లు మొదలుపెట్టాం. మొదటి రెండు వారాల్లో ఎంత ముందు మొదలుపెడితే అంత ఆశ. పరికరం చేతిలో లేకపోయినా చేయగలిగిన పరీక్ష కాబట్టి విద్యార్థులందరి చేతా అక్కడే రాగం తీయించాను. ముందు మామూలుగా, తర్వాత ఒక చెవి వేలితో మూసుకుని.

వెళ్లేముందు సిస్టర్‌కి ఒక మాట చెప్పాను. ఇకమీదట అడినాయిడ్ ఆపరేషన్ లిస్టులో పేరున్న ప్రతి పిల్లవాడూ ముందు స్పీచ్ గదికి వెళ్లాలి. కొండనాలుక, అంగిలి నడిమి గీత, "మామ", "పాప" పలుకుబడి, ముక్కు కింద అద్దం పెడితే మసక పడుతుందా లేదా అన్నవన్నీ వాళ్లు కేసు షీటులో రాయాలి. అది చదవకుండా నేను సంతకం పెట్టను. రేపటి లిస్టులో ఇద్దరున్నారు. పొద్దున క్లాసులో ప్రశ్న అడిగిన అమ్మాయి, మొదటి షీటు తనే రాస్తానంది.