సీజీఎల్ ఇంగ్లీష్: ఓ మందు మంత్రిగారి పుణ్యమా అని

ఫ్రెండ్స్, సీజీఎల్ (సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాల పరీక్ష) ఫైనల్ లిస్ట్‌లో నా నెంబర్ ఉంది!! ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. అందరూ ఒకటే అడుగుతున్నారు, తెలుగు మీడియం వాడివి ఇంగ్లీష్‌లో అంత స్కోర్ ఎలా అని. మ్యాథ్స్, రీజనింగ్‌కి ప్రీవియస్ పేపర్లు అరగదీయండి, అంతే, కొత్తగా చెప్పేదేం లేదు. నేను ఇడియమ్స్ (జాతీయాలు) గురించే చెప్తా, ఎందుకంటే పోయినసారి టైర్ టూలో, అంటే రెండో దశ పరీక్షలో, నన్ను ముంచింది ఇంగ్లీషే.

పీడీఎఫ్ బట్టీ పట్టడం, వారానికి మర్చిపోవడం, ఇదే తంతు. అలాంటి టైంలో ఒక మాక్ టెస్ట్‌లో "టైర్డ్ అండ్ ఎమోషనల్" వచ్చింది. అలసిపోయి ఏడుపు ముఖం పెట్టడం అనే ఆప్షన్‌కే రూమ్‌లో సగం మంది టిక్ కొట్టారు. ఆన్సరేమో ఫుల్లుగా తాగి ఉండటం!

తవ్వితే కథ బయటపడింది. జార్జ్ బ్రౌన్ అని లేబర్ పార్టీ డిప్యూటీ లీడర్, 1966 నుంచి 68 దాకా బ్రిటన్ ఫారిన్ సెక్రటరీ. మందు వీక్‌నెస్. 1963లో అమెరికా ప్రెసిడెంట్ కెనడీని చంపిన రాత్రి టీవీలో నివాళి చెప్పడానికి వచ్చి, తాగి మాట్లాడి పరువు పోగొట్టుకున్నాడు. కానీ "తాగాడు" అని అచ్చేస్తే పరువు నష్టం దావా పడుద్ది కదా, అందుకే ప్రైవేట్ ఐ అనే సెటైర్ మ్యాగజైన్ 1967లో ఈయన గురించి "టైర్డ్ అండ్ ఎమోషనల్" అని రాసి ఆ మాటని ఫేమస్ చేసింది. చదివేవాళ్లందరికీ అర్థమవుద్ది, కోర్టుకి మాత్రం దొరకదు, మామూలు తెలివి కాదు.

బ్రిటన్ పార్లమెంట్‌లో కూడా తోటి సభ్యుణ్ణి తాగాడు అనకూడదు. 1983లో క్లేర్ షార్ట్ అనే ఎంపీ, మంత్రి అలన్ క్లార్క్‌ని ఆ మాట అనకుండానే అనేసరికి సభలో పెద్ద గొడవ. ఆ రోజు ముందు వైన్ టేస్టింగ్‌కి వెళ్లొచ్చానని ఆయనే తర్వాత డైరీల్లో రాసుకున్నాడు!

ఇదంతా చదువుతుంటే "సిలబస్‌లో లేని సోదెందుకురా" అని నవ్వినోళ్లున్నారు. నవ్వనీయండి, కథ తెలిసిన ఇడియమ్ నాకు ఒక్కటి కూడా మళ్లీ పోలేదు. డిసిప్లిన్ అంటే పొద్దున నాలుగింటికి లేచి స్టేటస్ పెట్టడం కాదు బ్రదర్, పట్టినదాన్ని మూలం దాకా పట్టడం. కాకపోతే ప్రతి కథా నమ్మకండి. "బాబ్స్ యువర్ అంకుల్" (అంతే, పని అయిపోయినట్టే అని అర్థం; రాబర్ట్‌కి ముద్దుపేరు బాబ్)కి 1887లో ప్రధాని రాబర్ట్ సాలిస్‌బరీ తన మేనల్లుడు బాల్ఫోర్‌కి ఐర్లాండ్ పదవి ఇచ్చిన కథ చెప్తారు, కానీ ఆ మాట అచ్చులో కనపడేది 1920ల్లోనే. గుర్తుపెట్టుకోడానికి వాడండి, చరిత్ర అనుకోకండి.

నెక్స్ట్ "ఎకనామికల్ విత్ ది ట్రూత్" మీరే వెతకండి, క్లూ: 1986, సిడ్నీ కోర్టు, రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్. డీవీ (సర్టిఫికెట్ల వెరిఫికేషన్) కాల్ వచ్చేదాకా ఖాళీనే, డౌట్లుంటే అడగండి.