ఇస్తాంబుల్‌లో ఒక పగలు: ఒక గుట్ట, ఒక పడవ

అమెరికా వెళ్లే దారిలో అమ్మా నేనూ ఉదయం ఇస్తాంబుల్‌లో దిగి, సాయంత్రం మళ్లీ విమానం ఎక్కాలి. అంతసేపు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చుంటే అమ్మ మోకాళ్లు పట్టేస్తాయి. అందుకే టికెట్లు తీసుకున్న రోజే ఊళ్లోకి వెళ్లి రావాలని అనుకున్నాం. మా ఇద్దరికీ అమెరికా వీసా ఉంది కాబట్టి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేసింది. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో దేనికైనా చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారతీయులకు ఈ సౌకర్యం ఉంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇలాంటి ప్రయాణానికి లెక్క చివరి నుంచి వేసుకుంటూ రావాలి. విమానం బయల్దేరే టైముకి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. తిరిగి రావడానికి గంటన్నర, ఉదయం ఇమిగ్రేషన్ క్యూకి ఒక గంట, ఊళ్లోకి వెళ్లడానికి ఇంకో గంటన్నర తీసేయాలి. ఇవన్నీ పోగా మిగిలిందే మన చేతిలో ఉన్న టైము. అది మొదట అనుకున్న దాంట్లో సగం కూడా ఉండదు. ముందే ఆ సంగతి తెలిస్తే జాబితా దానంతట అదే చిన్నదవుతుంది. మేం ఒక గుట్ట, ఒక పడవ ప్రయాణం చాలనుకున్నాం. తోప్‌కాపి ప్యాలెస్‌కే సగం పూట కావాలి. గ్రాండ్ బజార్‌లో దాదాపు 4,000 దుకాణాలున్నాయి, టైము చూసుకుంటూ తిరిగే చోటు కాదది. రెండూ వదిలేశాం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ తమ ప్రయాణికుల్లో 6 నుంచి 24 గంటల విరామం ఉన్నవాళ్లని ఉచితంగా గ్రూపు టూర్‌కి తీసుకెళ్తుంది. దారులు వెతుక్కునే ఓపిక లేనివాళ్లకి అది నిజంగా మేలు. అమ్మకి గ్రూపుతో సమానంగా నడవడం కష్టమని మేం విడిగా వెళ్లాం.

పెద్ద పెట్టెలు నేరుగా అమెరికాకే చెకిన్ అయిపోయాయి. చేతిసంచులు మాత్రం ఎయిర్‌పోర్టులో సామాను భద్రపరిచే చోట పెట్టేశాం. ఎయిర్‌పోర్టు పాత నగరానికి 40 కిలోమీటర్ల దూరంలో, నల్లసముద్రం వైపు ఉంది. రోడ్డు మీద వెళ్తే ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం. మెట్రోకి ఆ భయం లేదు. స్టేషన్ మెషిన్‌లో ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డు తీసుకుంటే మెట్రో, ట్రామ్, పడవ అన్నిటికీ అదే పనికొస్తుంది. ఎం11 లైన్‌లో గాయ్‌రెత్తెపె దాకా వెళ్లి, అక్కడ ఎం2 లైన్‌కి మారాం. మారే దారి చాలా పొడుగు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా నడవాలి. దాని తర్వాత వచ్చింది మాత్రం నేను ఊహించనిది. అంతసేపూ సొరంగంలో వెళ్లిన రైలు ఉన్నట్టుండి వెలుగులోకి వచ్చి, నీళ్ల మీద ఆగింది! హలిచ్ స్టేషన్‌ని గోల్డెన్ హార్న్ పాయ మీద వంతెనలోనే కట్టారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండమీద సులేమానియే మసీదు గుమ్మటం, కింద పడవలు. అమ్మ "అయ్యో, దిగుదామా?" అంది. తర్వాతి స్టేషన్‌లో దిగి, కొంచెం నడిచి, ట్రామ్ ఎక్కి మేం అనుకున్న గుట్ట, పాత నగరంలోని సుల్తానహ్మెత్ చేరాం.

ఒకప్పటి చర్చి, ఇప్పటి మసీదు హాగియా సోఫియాలో విదేశీ సందర్శకులని పై గ్యాలరీకే పంపిస్తారు, 25 యూరోల టికెట్. కింది అంతస్తు నమాజు చేసుకునేవాళ్లకి. ఆడవాళ్లు తల కప్పుకోవాలి. అమ్మ పమిట కప్పుకుంది, సరిపోయింది. పైకి వెళ్లే రాతిదారి ఏటవాలుగా ఉంది. నా చెయ్యి పట్టుకుని, ఆగుతూ ఆగుతూ ఎక్కింది.

పైన గోడ అంచున నిలబడి చూస్తే ఆ గుమ్మటం దేనిమీద ఆనుకుని ఉందో వెంటనే అర్థం కాదు. అడుగున చుట్టూ 40 కిటికీలున్నాయి. వాటిలోంచి వెలుగు రావడంతో గుమ్మటానికీ గోడలకీ మధ్య ఏమీ లేనట్టు అనిపిస్తుంది. జస్టీనియన్ చక్రవర్తి దీన్ని 532లో మొదలుపెట్టి 537కల్లా పూర్తి చేయించాడు. 558లో మొదటి గుమ్మటం కూలిపోతే ఇంకా ఎత్తుగా మళ్లీ కట్టారు. చర్చి అయింది, 1453 తర్వాత మసీదయింది, ఇరవయ్యో శతాబ్దంలో మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదయింది. ఆ చరిత్రంతా చదువుకునే వచ్చాను గానీ, అక్కడ నిలబడ్డాక నన్ను పట్టేసినవి రెండు చిన్న సంగతులు.

దక్షిణం వైపు గ్యాలరీ గోడమీద క్రీస్తు, మేరీ, యోహానుల మొజాయిక్ ఉంది. కింది భాగమంతా రాలిపోయింది, ముఖాలు మిగిలాయి. దగ్గరికెళ్లి చూస్తే చెంపల మీది నీడ కూడా రంగు పూసి తెచ్చింది కాదని తెలుస్తుంది. లేత గులాబీ, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో వేలిగోరుకన్నా చిన్న ముక్కలు పక్కపక్కనే పేర్చి తెచ్చారు. రెండడుగులు వెనక్కి వేస్తే ఆ ముక్కలన్నీ కలిసి ఒక అలసిన చూపుగా మారతాయి. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. రెండోది అదే గ్యాలరీలో పాలరాతి పిట్టగోడ మీద ఉంది. వైకింగుల లిపిలో ఎవరో గీసిన గీతలవి. చాలావరకు అరిగిపోయాయి, హాఫ్‌దాన్ అన్న పేరు మాత్రం చదవగలిగారు. ఎక్కడో ఉత్తరాన పుట్టి ఇంతదూరం వచ్చిన మనిషి, ఇదే గోడకి ఆనుకుని నిలబడి తన పేరు చెక్కుకున్నాడు. నేను కూడా కాసేపు ఆ గోడ పక్కనే నిలబడ్డాను.

బయటికొస్తే పక్కనే పాత గుర్రప్పందేల మైదానం. ఇప్పుడది పార్కు, టికెట్ లేదు, కూర్చోడానికి బెంచీలున్నాయి. ఈజిప్టు ఫారో మూడో థుత్మోస్ చెక్కించిన రాతి స్తంభాన్ని 390లో ఇక్కడ నిలబెట్టారు. దానికి కొద్ది దూరంలో మూడు పాములు పెనవేసుకున్న కంచు స్తంభం ఉంది. క్రీ.పూ. 479లో పర్షియన్లని ఓడించిన గ్రీకులు తమ డెల్ఫీ గుడిలో పెట్టించుకున్నది ఇది. తలలు లేవు. అది ఒక గుంటలో నిలబడి ఉంటుంది, ఎందుకంటే అప్పటి నేల ఇప్పటి నేలకన్నా అంత కింద ఉండేది. ఆ గుంటలోకి వంగి చూస్తేనే ఈ నగరం ఎంత పాతదో నాకు తెలిసొచ్చింది.

ట్రామ్‌లో వెళ్లి ఎమినొను రేవు దగ్గర దిగి ఉస్కుదార్ వెళ్లే పడవ ఎక్కాం. ఊళ్లోవాళ్లు ఆఫీసులకి, ఇళ్లకి తిరిగే మామూలు పడవ అది. యూరప్ నుంచి ఆసియాకి దాదాపు ఇరవై నిమిషాలు. టూరిస్టు పడవల వాళ్లు పిలుస్తూనే ఉంటారు గానీ, టైము తక్కువున్నవాళ్లకి ఈ పడవని మించింది లేదు. పైన తోప్‌కాపి, గలాటా టవర్, ఉస్కుదార్ దగ్గర నీళ్లలో కన్యాగోపురం అన్నీ కనిపిస్తాయి. పడవలోనే నడుము దగ్గర సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో టీ తెచ్చిస్తారు.

"పాలు అడగరా," అంది అమ్మ.

"ఇక్కడ పాలు కలపరమ్మా."

రెండు చక్కెర బిళ్లలు వేసుకుని తాగింది. "డికాషన్ బాగానే దిగింది," అని ఇంకోటి తెప్పించుకుంది. నువ్వులద్దిన సిమిత్ రొట్టె తలా కాస్త తిన్నాం. పక్క సీట్లో పిల్లవాడు ముక్కలు విసురుతుంటే సముద్రపు కాకులు పడవతో సమానంగా ఎగురుతూ గాల్లోనే అందుకుంటున్నాయి.

తిరుగు ప్రయాణం పడవలో పెట్టుకోలేదు. ఉస్కుదార్ నుంచి మర్మరాయ్ రైలు బాస్ఫరస్ జలసంధి నీళ్ల కిందనుంచి వెళ్తుంది. 2013లో మొదలైన ఈ రైలు కొద్ది నిమిషాల్లోనే అవతలి ఒడ్డున సిర్కెజి చేరుస్తుంది. దాని తర్వాతది యెనికాపి, ఎం2 మెట్రో అక్కడే దొరుకుతుంది. ఈ స్టేషన్ కోసం తవ్వుతుంటే పూడిపోయిన పాత రేవు బయటపడింది, అందులో 37 పాత ఓడలు. వాటిని జాగ్రత్తగా తీయడానికే పనులు ఏళ్లతరబడి ఆలస్యమయ్యాయి. ప్లాట్‌ఫాం మీద ఈ సంగతి చెప్తే అమ్మ కిందికి చూసి, "ఇక్కడేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఎయిర్‌పోర్టులో గుమ్మం దగ్గరే ఒకసారి స్కానింగ్, తర్వాత ఇమిగ్రేషన్, తర్వాత మళ్లీ తనిఖీ. మూడు గంటలు పెట్టుకోవడం వల్ల ఎక్కడా టెన్షన్ పడలేదు. గేటు దగ్గర కూర్చోగానే అమ్మ మా అక్కకి ఫోన్ చేసి, రైలు స్టేషన్ కింద దొరికిన ఓడల సంగతితో మొదలుపెట్టింది.