డెస్క్‌టాప్ ప్రాసెసరా, వర్క్‌స్టేషన్ ప్రాసెసరా: వరద లెక్కలు వేసేవాడి కొనుగోలు

హైదరాబాద్‌లో వాననీరు ఎటు పారి, ఎక్కడ ఎంత లోతు నిలుస్తుందో కంప్యూటర్‌లో నమూనా కట్టి లెక్కించడం నా వృత్తి. నాలాల వెడల్పు, కల్వర్టుల కొలతలు, నేల ఎత్తుపల్లాలు, గంటగంటకూ కురిసే వాన ఇవన్నీ ఇచ్చి నమూనాను నడిపిస్తే, కొన్ని గంటల తరువాత ఏ వీధి మునుగుతుందో, ఏ వీధి మునగదో తెలుస్తుంది. 2020 అక్టోబరు వరదల తరువాత నాకు ఇలాంటి పనులు ఎక్కువయ్యాయి, వాటితోపాటు కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చునే సమయమూ పెరిగింది. అందుచేత కొత్త యంత్రం కొనదలచుకున్నప్పుడు నా ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: పదహారు కోర్ల (ఒకేసారి విడివిడిగా లెక్కలు చేయగల భాగాల) మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌తో సరిపెట్టుకోవాలా, లేక భారీ పనుల కోసం చేసే వర్క్‌స్టేషన్ తరగతికి వెళ్లాలా?

నేను పోల్చి చూసినవి ఏఎండీ వారి రెండు శ్రేణులు. మామూలు తరగతిలో 2024 ఆగస్టులో వచ్చిన రైజెన్ 9 9950ఎక్స్ ఉంది. దానికి 16 కోర్లు, గరిష్ఠ వేగం 5.7 గిగాహెర్ట్జ్, విడుదల ధర 649 డాలర్లు. వర్క్‌స్టేషన్ తరగతిలో 2025 జులైలో వచ్చిన థ్రెడ్‌రిప్పర్ 9000 శ్రేణి ఉంది. అందులో విడుదల ధరల ప్రకారం 24 కోర్ల 9960ఎక్స్ 1,499 డాలర్లు, 32 కోర్ల 9970ఎక్స్ 2,499 డాలర్లు, 64 కోర్ల 9980ఎక్స్ 4,999 డాలర్లు. ఆపైన ప్రో అనే మరో మెట్టు ఉంది, అది 96 కోర్ల దాకా వెళుతుంది. ఇంటెల్‌లో జియాన్ డబ్ల్యూ అనే వర్క్‌స్టేషన్ శ్రేణిని కూడా చూశాను. మామూలు తరగతిలోని కోర్ అల్ట్రా 9 285కే కాగితం మీద 24 కోర్లదే అయినా, అందులో 8 మాత్రమే పెద్దవి, మిగిలిన 16 చిన్నవి. పనిని సమాన భాగాలుగా పంచే ప్రోగ్రాముల్లో, ముందే ముగించిన పెద్ద కోర్లు చిన్న కోర్ల కోసం ఆగవలసి వస్తుంది కనుక ఆ 24ను 9960ఎక్స్ 24తో పక్కపక్కన పెట్టి చూడడం సరికాదని నా అభిప్రాయం.

కొనేవారందరూ మొదట చూసేది కోర్ల సంఖ్య, చివర చూడవలసిందీ అదే. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పిన లెక్క ఇందుకు చాలు. ఒక ప్రోగ్రాములో నూటికి 95 వంతుల పని కోర్ల మధ్య పంచుకోదగినదై, మిగిలిన 5 వంతులు ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరగవలసినదై ఉంటే, ఒక్క కోర్‌తో పోల్చినప్పుడు 16 కోర్లతో వేగం 9.1 రెట్లు అవుతుంది, 32 కోర్లతో 12.5 రెట్లు, 64 కోర్లతో 15.4 రెట్లు. అంటే 16 నుంచి 32కు వెళ్లినందుకు దక్కేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, ధర మాత్రం దాదాపు నాలుగు రెట్లు. పైగా ఈ లెక్క అన్ని కోర్లూ ఒకే వేగంతో నడుస్తాయని అనుకుని వేసినది. నిజానికి 9980ఎక్స్ మూల వేగం 3.2 గిగాహెర్ట్జ్, 9950ఎక్స్‌ది 4.3. నేను వాడే హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా సైనిక ఇంజినీర్ల విభాగం ఉచితంగానే ఇస్తుంది. దాని మాన్యువల్‌లోనే, చిన్న నమూనాలు ఎక్కువ కోర్ల మీద కన్నా తక్కువ కోర్ల మీద త్వరగా ముగియవచ్చునని ఉంది. కోర్లు ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి పట్టే సమయం, పంచుకున్నందువల్ల మిగిలే సమయాన్ని మింగేస్తుంది.

అయితే అసలు కిటుకు మెమరీ దగ్గర ఉంది. వరద నమూనాలో నేలను చిన్న చిన్న గడులుగా విభజిస్తాం, ప్రతి గడికీ నీటి లోతు, వేగం, పక్క గడులతో ఇచ్చిపుచ్చుకునే ప్రవాహం వంటి అంకెలు ఉంటాయి. లెక్క ముందుకు జరిగే ప్రతి చిన్న కాలాంశానికీ ఆ అంకెలన్నిటినీ ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి, కొద్దిపాటి కూడికలూ గుణకారాలూ చేయాలి, తిరిగి ర్యామ్‌లో పెట్టాలి. లెక్క తక్కువ, రవాణా ఎక్కువ. పెళ్లి భోజనాల్లో ఒక బంతిలో ఎంతమందిని కూర్చోబెట్టామన్నది కాదు, వడ్డించేవారు ఎందరున్నారన్నదే బంతి ఎప్పుడు లేస్తుందో తేలుస్తుంది. ఇక్కడ వడ్డించేవి మెమరీ ఛానెళ్లు, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు. మామూలు రైజెన్‌కు రెండు ఛానెళ్లు ఉంటాయి. డీడీఆర్5-5600 ర్యామ్‌తో అవి సెకనుకు 89.6 గిగాబైట్లు అందించగలవు, పదహారు కోర్లకు పంచితే ఒక్కొక్కదానికి 5.6. థ్రెడ్‌రిప్పర్ 9000కు నాలుగు ఛానెళ్లు, డీడీఆర్5-6400తో సెకనుకు 204.8 గిగాబైట్లు. 24 కోర్ల చిప్‌లో ఒక్కో కోర్‌కు 8.5 వస్తుంది, బాగానే ఉంది. కాని అవే నాలుగు ఛానెళ్ల మీద 64 కోర్ల చిప్‌ను పెడితే ఒక్కో కోర్‌కు దక్కేది 3.2 గిగాబైట్లు మాత్రమే. అయిదు వేల డాలర్ల చిప్‌లోని కోర్ ఆరు వందల యాభై డాలర్ల చిప్‌లోని కోర్ కన్నా ఆకలితో ఉంటుందన్నమాట. వీడియో రెండరింగ్ వంటి పనుల్లో అవసరమైన అంకెలు చాలావరకు చిప్‌లోనే ఉండే క్యాష్ అనే చిన్న మెమరీలో సర్దుకుంటాయి కనుక 64 కోర్లూ దండిగా పనిచేస్తాయి. అందుకే రెండరింగ్ పరీక్షల ఫలితాలు చూసి ప్రవాహ లెక్కలకు యంత్రం కొనడం తగదు.

ఇక్కడ నా పని స్వభావాన్ని కొంత వివరించాలి. ఒక కాలనీకి నమూనా కట్టిన తరువాత దాన్ని ఒక్కసారి నడిపితే సరిపోదు. రెండేళ్లకోసారి వచ్చే వాన, పదేళ్లకోసారి, పాతికేళ్లకోసారి, వందేళ్లకోసారి వచ్చే వాన అంటూ అన్నిటికీ విడివిడిగా నడపాలి. నాలా శుభ్రంగా ఉన్నప్పుడు ఒకలా, చెత్తతో సగం పూడుకున్నప్పుడు మరొకలా నడపాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని పరుగులు. ఇలాంటివాటికి ఎక్కువ కోర్లు బ్రహ్మాండంగా ఉపయోగపడతాయని పైకి అనిపిస్తుంది, కాని ఆ పరుగులన్నీ ఒకే యంత్రంలో పక్కపక్కన నడిస్తే అవే ఛానెళ్ల కోసం పోటీపడతాయి. రెండు వేర్వేరు రైజెన్ యంత్రాలు పెట్టుకుంటే మొత్తం 32 కోర్లు, నాలుగు ఛానెళ్లు, సెకనుకు 179 గిగాబైట్లు వస్తాయి, రెండు చిప్‌లకూ కలిపి విడుదల ధర 1,298 డాలర్లు. 32 కోర్ల థ్రెడ్‌రిప్పర్ చిప్ ఒక్కదాని ధరలో అది సుమారు సగం. రెండు పెట్టెలు, రెండు విండోస్ లైసెన్సులు, ఫైళ్లు అటూ ఇటూ మోసుకోవడం అనే చిరాకు ఉన్నమాట నిజమే. నాకు ఆ చిరాకు చవకగానే తోచింది.

నమూనా కట్టే తీరు వల్ల వచ్చే తేడా ముందు ప్రాసెసర్ల తేడా చిన్నదని కూడా చెప్పాలి. గడి భుజాన్ని పది మీటర్ల నుంచి అయిదు మీటర్లకు తగ్గిస్తే గడుల సంఖ్య నాలుగు రెట్లవుతుంది, లెక్క స్థిరంగా నిలవడానికి కాలాంశాన్ని కూడా సగం చేయవలసి రావడం వల్ల మొత్తం పని ఎనిమిది రెట్లవుతుంది. ఏ దుకాణంలోనూ ఎనిమిది రెట్ల వేగం దొరకదు. హెక్-రాస్ పెద్ద గడి లోపల కూడా నేల ఎత్తుపల్లాలను లెక్కలోకి తీసుకుంటుంది కనుక, రోడ్డు గట్టూ నాలా ఒడ్డూ ఉన్నచోట మాత్రమే చిన్న గడులు పెట్టి మిగతాచోట పెద్దవి వదిలేయడం సాధ్యమే. నాతో పనిచేసే కుర్రవాడు "సార్, కొత్త మెషీన్ వచ్చాక అంతటా రెండు మీటర్ల గ్రిడ్ పెట్టేద్దాం" అన్నప్పుడు ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించాను.

మరి వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ ఎవరికి? ర్యామ్ పరిమాణం, కార్డులనూ ఎస్‌ఎస్‌డీలనూ ప్రాసెసర్‌తో కలిపే పీసీఐఈ లేన్లు అనే రెండు గోడలు మామూలు వేదికకు (ప్రాసెసర్, బోర్డు కలిసిన ఏర్పాటుకు) ఉన్నాయి, వాటిని తాకేవారికి. మామూలు రైజెన్ చిప్ నుంచి వాడుకోదగిన లేన్లు 24. ఒక గ్రాఫిక్స్ కార్డుకు 16, రెండు వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలకు ఎనిమిది ఇస్తే అక్కడితో సరి. రెండో గ్రాఫిక్స్ కార్డు పెడితే మొదటిదాని వాటాను ఎనిమిదికి తగ్గించుకోవాలి. థ్రెడ్‌రిప్పర్ ప్రోకు పీసీఐఈ 5.0 లేన్లు 128. మూడు నాలుగు కార్డులతో కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇచ్చేవారికి ఈ ఒక్క కారణం చాలు, కోర్ల గురించి వారు ఆలోచించనక్కరలేదు. ర్యామ్ విషయంలో మరో మెలిక ఉంది. మామూలు మదర్‌బోర్డుకు నాలుగు స్లాట్లు ఉన్నా, నాలుగింటినీ నింపితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం డీడీఆర్5-5600 నుంచి డీడీఆర్5-3600కు పడిపోతుంది. మెమరీ వేగమే ప్రాణమైన పనికి ఇది పెద్ద దెబ్బ. కనుక రైజెన్ తీసుకునేవారు రెండు పెద్ద స్టిక్కులు తీసుకుని మిగిలిన రెండు స్లాట్లను ఖాళీగా వదిలేయడం మేలు. నా నమూనాలు 64 జీబీ దాటలేదు కనుక నాకు ఈ గోడ తగలలేదు.

ఈసీసీ గురించి రెండు మాటలు. ర్యామ్‌లో ఒక బిట్ తనంత తాను తిరగబడితే దాన్ని పట్టుకుని సరిదిద్దే ఏర్పాటు అది, దాని వెనుక ఉన్న గణితం గణితవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించినది. గూగుల్ సర్వర్ల మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో పొరపాట్లు కనిపించాయి. థ్రెడ్‌రిప్పర్ వేదికలో వాడవలసిన రిజిస్టర్డ్ అనే సర్వర్ తరహా ర్యామ్‌తో ఈసీసీ వచ్చేస్తుంది. రైజెన్‌లో మాత్రం మదర్‌బోర్డు తయారీదారు దానికి మద్దతు ఇచ్చాడో లేదో చూసుకుని కొనాలి. డీడీఆర్5 చిప్‌ల లోపలే ఉండే దిద్దుబాటును చూపి ఇదే ఈసీసీ అని అమ్మేవారున్నారు, అది చిప్ లోపలి వరకే, ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే పొరపాటుకు అది పనికిరాదు. ప్రభుత్వ విభాగానికి సంతకం పెట్టి ఇచ్చే నివేదిక కనుక నేను ఈసీసీ మద్దతు ఉన్న బోర్డునే వెతికి తీసుకున్నాను.

ధరల దగ్గరికి వస్తే, చిప్ ధర ఒక్కటే చూడకూడదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మనందరం సీటీసీ అని పిలిచే చోట, రైజెన్ బోర్డులు అడిగిన వెంటనే చూపిస్తారు. థ్రెడ్‌రిప్పర్ బోర్డు అడిగితే "ఆర్డర్ పెడితే తెప్పిస్తాం సార్, అడ్వాన్సు ఇవ్వాలి" అన్నారు. బోర్డు, రిజిస్టర్డ్ ర్యామ్, పెద్ద కూలర్, పెద్ద పవర్ సప్లై అన్నీ ఆ తరగతికి వేరే, వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరగడంతో ఈ అంతరం ఇంకా వెడల్పయింది. వేదిక ఎంతకాలం నడుస్తుందన్నది కూడా చూడాలి. 2019లో థ్రెడ్‌రిప్పర్ 3000 శ్రేణి కోసం వచ్చిన టీఆర్‌ఎక్స్40 బోర్డులకు ఆ ఒక్క తరం తప్ప మరో ప్రాసెసర్ రాలేదు. మామూలు రైజెన్ చిప్‌లు కూర్చునే ఏఎం5 సాకెట్‌కు 2027 వరకూ ఆపైనా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది.

కరెంటు ఖర్చు గురించి చాలామంది భయపడతారు గాని అది అంత పెద్దది కాదు. 9950ఎక్స్ పూర్తి భారం మీద 230 వాట్ల దాకా తీసుకుంటుంది, థ్రెడ్‌రిప్పర్ 350. రోజుకు పది గంటల చొప్పున నెలంతా నడిపినా తేడా 36 యూనిట్లు, ఆ వేడిని బయటికి పంపే ఏసీ భాగం కూడా కలిపి పై శ్లాబు ధరలో లెక్కించినా అయిదు వందల రూపాయల లోపే. ఇబ్బంది డబ్బుది కాదు, గదిది. బయట నలభై డిగ్రీలు దాటిన మే నెలలో చిన్న గదిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి ఆరేడు వందల వాట్ల వేడిని వదులుతుంటే ఆ గదిలో మనిషి కూర్చోలేడు. చాలా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ 360 వాట్లకే పరిమితం కనుక అదీ మార్చుకోవలసి ఉంటుంది.

చివరికి నేను రెండు రైజెన్ యంత్రాలే పెట్టుకున్నాను. భూకంప తరంగాల దత్తాంశం మీద పనిచేసే తార్నాక మిత్రుడు నా లెక్కలన్నీ విని, తానూ అదే తీసుకుంటానన్నప్పుడు మాత్రం వారించాను. ఆయన ఒక్కొక్క పనికి మూడు వందల జీబీలకు పైగా ర్యామ్ కావాలి, మామూలు బోర్డులో అది పట్టదు. "మీకు వర్క్‌స్టేషన్ తరగతి తప్ప గత్యంతరం లేదండీ" అని చెప్పి 32 కోర్ల ప్రో చిప్, ఎనిమిది ఛానెళ్ల బోర్డు సూచించాను. దుకాణం వారు పంపిన కొటేషన్‌లో ర్యామ్ నాలుగు పెద్ద స్టిక్కులుగా ఉంది. పరిమాణం సరిపోతుంది గాని ఎనిమిది ఛానెళ్లలో నాలుగు ఖాళీగా ఉండి వేగం సగానికి పడిపోతుంది కనుక, అదే పరిమాణాన్ని ఎనిమిది చిన్న స్టిక్కులుగా మార్చి కొటేషన్ మళ్లీ పంపమని ఆయన చేత రాయించాను.