గాజు వదలని పెళ్లి ఫొటో

ఇంట్లోని పాత ఫొటోలకు డిజిటల్ కాపీలు తీస్తున్నాను, అమ్మమ్మ పెళ్లి గ్రూపు ఫొటో ఈ వారం కూడా లొంగలేదు. నల్ల అట్టల ఆల్బమ్ మొత్తం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా పూర్తయింది. మిగిలిన గొడవంతా ఈ ఒక్క ఫ్రేముతోనే.

అట్టకు అతికించిన 10×12 అంగుళాల బ్రోమైడ్ (పాత నలుపు-తెలుపు రకం) ప్రింటు ఇది. ఏళ్ల తరబడి వానాకాలపు చెమ్మకు బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర మెత్తబడి ఎడమవైపు కింద ఫ్రేము గాజుకు పట్టేసింది. అంటుకున్న మచ్చ 6 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు. ఆ మచ్చ అంచు పెద్ద అమ్మమ్మ చెంప మీదుగా పోతోంది. ఆవిడది మరో ఫొటో మా దగ్గర లేదు.

ఆవిరి పట్టమని, నీళ్లలో నానబెట్టమని సలహాలు వచ్చాయి. ఒక్కటీ చేయను. లాగితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది, నానితే అట్ట పొరలు విడిపోతాయి. గాజు మీదుగానే తీయాలి. కాగితం గాజుకు ఆనితేనే స్పష్టంగా తీసే సీఐఎస్ రకం పల్చటి స్కానర్లు దీనికి పనికిరావు, 2 మిల్లీమీటర్ల గాజు అడ్డొస్తే చాలు బొమ్మ మసకబారుతుంది. ఎప్సన్ వీ600 స్కానర్ సీసీడీ రకం, అంటే లెన్సుతో కాస్త దూరంలో ఉన్నదాన్నీ చూడగలదు కాబట్టి ఫోకస్ బాగానే ఇచ్చింది కానీ, రెండు నున్నటి ఉపరితలాలు దాదాపు తాకే చోట పుట్టే న్యూటన్ వలయాలు ఇంద్రధనుస్సు రంగుల్లో పరుచుకున్నాయి. అందుకే కెమెరాకు మారాను. లైట్లకు పోలరైజర్ షీట్లు (ఒకే దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చేవి), లెన్సుకు వాటికి 90 డిగ్రీలు తిప్పిన మరో పోలరైజర్ పెట్టి గాజు మెరుపును ఆపితే వలయాలు దాదాపు పోయాయి. మచ్చ అంచు మాత్రం పటంలో సరిహద్దు గీతలా నిలిచింది.

నేల మీద కూర్చున్న పిల్లవాడి నల్లకోటు సగం మచ్చలో, సగం బయట ఉంది. కొలవడానికి అదే ఆధారం. పోలరైజర్ లేకుండా అంటుకున్న చోట ఫైల్లో వెలుతురు విలువ 22, బయట 41 (సంఖ్య పెరిగితే నలుపు వెలిసినట్టు). పెట్టాక 22, 29. తెల్ల పంచెలో తేడా 1 మాత్రమే. అంటే గాజుకూ ప్రింటుకూ మధ్య గాలి ఉన్న చోట చెదిరిన వెలుతురు అంతటా ఒకే మోతాదులో కలుస్తోంది, నలుపులో అది బయటపడుతోంది. కాబట్టి బ్రైట్‌నెస్ తగ్గించడం తప్పు పద్ధతి, 16 బిట్ లీనియర్ ఫైల్లో (సంఖ్యలు వెలుతురుకు సరిగ్గా అనుపాతంలో ఉండే ఫైలు) ఆ అదనపు వెలుతురు విలువను తీసివేయాలి. అలా చేస్తే కోటు కలిసిపోయింది! చెంప మీద మాత్రం 2 మిల్లీమీటర్ల పట్టీ అలాగే ఉంది. అక్కడ గాలి సందు క్రమంగా సన్నబడుతుంది కాబట్టి ఒకే సంఖ్య తీసివేస్తే కుదరడం లేదని నా అనుమానం. లేదా బూజు జెలటిన్‌ను తినేసి ఉండాలి. పక్కనుంచి టార్చి వేస్తే గరుకుదనం కనిపించాలి, ఆదివారం చూస్తాను.

ముఖాలను నున్నగా చేసే ఫోను యాప్‌లతో దీన్ని 'బాగుచేయడం' నాకు ఇష్టం లేదు. అవి కల్పించే చెంప ఆవిడది కాదు.

వెనక చెక్క తీస్తే అట్ట మీద పెన్సిలుతో 'ఖర, మాఘం' అని ఉంది. అంటే 1952 జనవరి చివరి నుంచి ఫిబ్రవరి చివరి లోపు. ఫైలు పేరులో అదే పెట్టాను. కింద మగవాళ్ల పేర్లే ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు, పుట్టింటి ఇంటిపేర్లతో సహా, అమ్మమ్మను అడిగి రికార్డు చేయాలి.

ఆ తర్వాత చిన్నాన్న అటక మీది గాజు నెగటివ్‌లు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్లు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మావి పాత గుడ్డలో చుట్టి ఉన్నాయి. ముందు ఒక్కోదానికి ఆమ్లం లేని కాగితపు కవరు, నిలబెట్టి పెట్టడానికి గాడుల పెట్టె సిద్ధం చేశాకే, వాటిని వెనకనుంచి వెలిగించి తీయడానికి లైట్ ప్యానెల్ కొంటాను.