పాత క్రైస్తవ పద్యాలు మళ్లీ అచ్చేయాలంటే

తెలుగులో క్రైస్తవ సాహిత్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే: ఆదివారం గుళ్లో పాడుకునే కీర్తనల పుస్తకం, జాషువా. మిగతాదంతా అటకెక్కింది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ప్రబంధంగా రాసిన వేదాంత రసాయనం, పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు కాక రాసిన పద్యాలు, మిషన్ ప్రెస్సుల నుంచి వచ్చిన సన్నపాటి పుస్తకాలు పెద్ద ప్రచురణకర్తల కంటికి ఆనవు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న ప్రచురణ సంస్థలు పూనుకోవాల్సిందే. అలా దిగేవాళ్లు డబ్బు గురించీ ప్రెస్సు గురించీ కంగారు పడతారు గానీ, ఆ రెండూ ఎలాగో తేలిపోతాయి. పుస్తకం చెడేది ప్రూఫుల దగ్గర, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే చోట.

ముందు హక్కుల లెక్క తేల్చుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కులు నిలుస్తాయి. 1890లో పోయిన చౌదరి రచనలకు ఏ అడ్డూ లేదు. జాషువా పోయింది 1971లో. అంటే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న క్రీస్తు చరిత్రను 2031 డిసెంబరు 31 దాకా హక్కుదారుల రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఇంకో చిక్కుంది. మూలం ఎంత పాతదైనా, తర్వాతి ముద్రణలో చేరిన పీఠికకూ టీకా తాత్పర్యాలకూ హక్కు వేరే. అవి రాసినవాళ్లు పోయి 60 ఏళ్లు కాకపోతే పద్యాలు మాత్రమే తీసుకుని, పీఠిక కొత్తగా రాయించుకోవాలి.

ప్రతులు కనీసం రెండు కావాలి, వీలైతే వేర్వేరు ముద్రణలవి. ఒకదానిలో చినిగిన పుట రెండోదానిలో దొరుకుతుందన్నది ఒక లాభం. అంతకన్నా పెద్ద లాభం, అచ్చుతప్పు ఏదో కవి ప్రయోగం ఏదో తేలడం. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతికాక వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, శ్రీరాంపూర్ కేరీ లైబ్రరీ అడగదగ్గ చోట్లు. పెళుసుబారిన పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. సగం మాత్రమే తెరిచి, స్టాండుకు బిగించిన కెమెరాతో ఎడమ పుటలన్నీ ఒకసారి, కుడి పుటలన్నీ ఒకసారి తీయడం మేలు.

పుట ఫోటోలోని అక్షరాలను టైపు చేసిన పాఠంగా మార్చే గూగుల్ ఓసీఆర్ ఈమధ్య తెలుగును బాగానే చదువుతోంది. అందుకే అది చేసే తప్పులు కంటికి ఆనవు. థ, ధ తారుమారవుతాయి. ష, ప కలిసిపోతాయి. పాత పుస్తకాల్లో పద్యం సంఖ్యలు తెలుగు అంకెల్లో ఉంటాయి కాబట్టి ౦ అనే సున్నా అంకె, ం అనే పూర్ణానుస్వారం ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. కాగితం మీద తేడా తెలియదు, ఫైల్లో వెతికితే మాత్రం మాట దొరకదు. కీర్తనల్లో చరణం చివర పల్లవి మళ్లీ పాడాలని చెప్పే నిలువు గీతల జంట 11గా మారిపోతుంది. ఇవన్నీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో చాలావరకు పోతాయి. పోనిది అరసున్న (ఁ).

పాత అచ్చులో అరసున్న అరిగిపోయి చుక్కలా కనిపిస్తుంది. ఓసీఆర్ దాన్ని వదిలేస్తుంది, లేదా నిండు సున్న చేస్తుంది. వదిలేస్తే గణానికి, అంటే గురువులు (రెండు మాత్రల అక్షరాలు), లఘువులు (ఒక మాత్రవి) వచ్చే వరుసకు, నష్టం లేదు, ఎందుకంటే అరసున్న ముందున్న అక్షరాన్ని గురువు చేయదు. నిండు సున్న చేస్తేనే కొంప మునుగుతుంది. ‘కలఁడు’ మూడు లఘువులు, నగణం. ‘కలండు’ అయితే మధ్యలో గురువు పడి జగణం. పద్యాల్లో రెండు రూపాలూ చెల్లుతాయి కాబట్టి నిఘంటువు చూసి సరిదిద్దలేం. గణ విభజన చేస్తేనే ఏది ఉండాలో తెలుస్తుంది.

అందుకే ఛందస్సు తెలిసినవాళ్లు ఒక్కరు లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పద్యం తన ప్రూఫు తానే చూసుకుంటుంది, మనం లెక్కపెడితే చాలు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, 10వ అక్షరం మీద. చంపకమాలకు 21, యతి 11. మత్తేభానికి 20, యతి 14. శార్దూలానికి 19, యతి 13. అక్షరం తగ్గితే మాట జారింది. యతి కుదరకపోతే ఆ అక్షరమో పాదం మొదటి అక్షరమో తప్పు చదివాం. కందంలో ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) కాకపోతే అక్కడ ఆగి స్కాన్ చూడాలి.

క్రైస్తవ పద్యాల్లో వీటన్నిటికన్నా ప్రమాదం మంచి మనసుతో చేసే దిద్దుబాటు. ప్రూఫులు చూసేవారికి బైబిలు కంఠస్థం. పద్యంలో ‘అబ్రహాము’ కనపడగానే చేయి ఊరుకోదు, బైబిల్ సొసైటీ అనువాదంలో ఉన్నట్టు ‘అబ్రాహాము’ చేసేస్తారు. మొదటిది గురువు, లఘువు, గురువు, లఘువు. రెండోదానిలో మూడు గురువులు వరుసగా పడతాయి. ఉత్పలమాలలోగానీ చంపకమాలలోగానీ ఒకే పాదంలో రెండు గురువులు పక్కపక్కన రానే రావు, ఇక మూడెక్కడివి! కవి గణం కోసం కుదించిన పేరును మనం సాగదీస్తే ఆ పాదం ఎవరి నోటా నిలవదు. పేర్లు మూలంలో ఉన్నట్టే ఉంచి, చివర ఒక పుటలో ఈనాటి రూపాలు పట్టికగా ఇస్తే చాలు. ఱ కూడా అంతే, ర చేయొద్దు. పాదాల విరుపు మార్చొద్దు. మాట మధ్యలో పాదం తెగినా తెగనివ్వాలి, లేకపోతే రెండో అక్షరం ప్రాస వరుసగా కనిపించదు.

కంపోజింగ్ యూనికోడ్‌లోనే చేయించాలి. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తున్నాయి. పని వేగంగా అవుతుంది, నిజమే. రేపు ఈ-బుక్ చేయాలన్నా రెండో ముద్రణ దిద్దాలన్నా కన్వర్టర్ పాలబడి వత్తులు చెదిరిపోతాయి. పేజీలు పేర్చడానికి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేశారో లేదో మొదటి పుటలోనే చూడాలి. అది లేకపోతే వత్తులు అక్షరం కింద కాక పక్కన నిలబడతాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితం, అచ్చుకు వాడుకునే లైసెన్సుతోనే వస్తాయి. అయితే రామభద్ర శీర్షికలకే, పద్యానికి మరీ లావు. ఎంచుకున్న ఫాంటులో అరసున్న, ఱ ఉన్నాయో లేవో ఒక పద్యం కొట్టి చూసుకోవాలి.

సైజు డెమ్మీ 1/8, అంటే 18×23 అంగుళాల షీటులో ఎనిమిదో వంతు. అంతకన్నా చిన్నదైన క్రౌన్‌లో పుస్తకం ముద్దుగానే ఉంటుంది గానీ 12 పాయింట్లలో ఉత్పలమాల లాంటి వృత్తపాదం ఒక వరుసలో ఇమడదు, చివరి రెండక్షరాలు కిందికి జారి పేజీ అంతా గజిబిజి అవుతుంది.

ఫారాల లెక్క ముందే వేసుకోవాలి. ఫారం అంటే ఒక షీటుకు రెండు వైపులా పడే 16 పేజీలు. 108 పద్యాల శతకం పేజీకి నాలుగు చొప్పున 27 పేజీలు, ముందూ వెనకా కలిపి 48లో సర్దుకుంటుంది, మూడు ఫారాలు. కఠిన పదాల అర్థాలతో పేజీకి రెండేసి వేస్తే 54 పేజీలు, పీఠికతో 64, నాలుగు ఫారాలు. పుస్తకం 65 పేజీలకు పోయిందంటే ఐదో ఫారం మీద పడుతుంది, కాబట్టి పీఠిక రాసేవారికి పేజీల హద్దు ముందే చెప్పాలి. 500 కాపీలకు నాలుగు ఫారాలంటే 18×23 సైజులో 2000 షీట్లు, అంటే దానికి రెట్టింపైన 23×36 కాగితం రెండు రీములు (రీముకు 500 షీట్లు). రంగు సరిచూసుకోవడంలో పోయే షీట్లు అదనం. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మాప్‌లిథో, నేచురల్ షేడ్ అయితే కంటికి హాయి. 200 కాపీలకు మించి పోవన్న అనుమానం ఉంటే ఆఫ్‌సెట్ వద్దు, డిజిటల్‌లో వేయించుకోవాలి. 64 పేజీల వరకు మధ్య మడత మీద కొట్టే సెంటర్ పిన్ చాలు. కీర్తనల పుస్తకానికి మాత్రం కుట్టు బైండింగే. పాడేవాళ్లు దాన్ని విప్పి బల్ల మీద పరుస్తారు, ఒట్టి గమ్ బైండింగ్ రెండు వేసవులకు పుటలు వదిలేస్తుంది.

అమ్మకం ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లోనే: క్రిస్మస్, హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు. ఆ వెంటనే ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత తిరునాళ్లు. నవంబరు మొదటికి ప్రతులు చేతిలో లేకపోతే ఏడాది పోయినట్టే. గుడి ముందు బల్ల వేయాలంటే పాస్టరుగారిని ముందుగా అడగాలి. పుస్తకాల షాపులు 30 నుంచి 40 శాతం తగ్గింపు అడుగుతాయి కాబట్టి ఆ లెక్కతోనే ధర పెట్టాలి. పోస్టులో పంపడానికి 2025 మే నుంచి తపాలా శాఖ వారి జ్ఞాన్ పోస్ట్ సేవ ఉంది. మతపరమైన, సాంస్కృతిక పుస్తకాలు ఇందులో వెళ్తాయి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. వెనక అట్ట మీద దాతల దుకాణం ప్రకటన వేసుకున్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. అట్ట డిజైన్ మొదలుపెట్టకముందే పెట్టుకోవాలి, బార్‌కోడ్ తర్వాత అతికిస్తే అందం చెడుతుంది. పుస్తకం బయటికొచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలన్నది 1954 చట్టం. చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీన్ని ఎగ్గొడతారు. ఆ నాలుగు ప్రతులనూ 500లో ముందే పక్కన పెట్టి, ప్రెస్సు నుంచి కట్టలు దిగిన వారంలోనే పంపి రసీదులు దాచుకోవాలి.