సంక్రాంతి తర్వాత జీపులు

కొండదారుల్లో జీపులేసుకుని పోదామని దసరా నుంచి మా బావ ఒకటే పోరు. నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే, డిసెంబరు దాకా వాగులను నమ్మలేమని సంక్రాంతి దాటించాను.

మైపాడు సముద్రపు ఒడ్డును జాబితాలోంచి కొట్టేశాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఇసుకలో బండ్లేమిటి? పెంచలకోన, సోమశిల, ఉదయగిరి, చివర భైరవకోన మిగిలాయి.

వాగు ఇసుకలో టైర్ల గాలి ఒత్తిడి 18-20 పీఎస్‌ఐకి దించాలి. అదే గాలితో వెలికొండల రాళ్లెక్కితే టైరు పక్కగోడ చిరుగుతుంది. అందుకే ముందు గాలి పంపు, తర్వాతే బిర్యానీ సామాను. పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం. అనుమతి లేకుండా రోడ్డు దిగకూడదు. “అడవిలో ఎవడు చూస్తాడ్రా?” అంటాడు బావ. నా టెన్షనంతా ఆయనతోనే.

బండి లాగే తాడు ఎవరు తెస్తారో ఇంకా తేలలేదు.